తల్లిచేపల ఆట

షెడ్డు షట్టరు గరగరమంటూ పైకి లేస్తేనే ఆ ఇంటికి తెల్లవారినట్టు. కింద షెడ్డు, పైన ఇల్లు. షెడ్డులో ఆటస్థలాలకు వలలు అల్లుతారు. వాలీబాల్ వలలు, గోల్ వెనక కట్టే వలలు, బంతి రోడ్డు మీదకు పోకుండా కట్టే పెద్ద పెద్ద తెరలు. అత్తగారు పోయి చాలా కాలమైనా ఆ ఇంట్లో ఆడవాళ్లిద్దరూ పెద్దకోడలు, చిన్నకోడలుగానే మిగిలిపోయారు. పెద్దకోడలు నూలు చుట్టిన కండె పట్టి అల్లుతుంది. ఆమె ముడి వేస్తే బంతే కాదు, మొగుడు కూడా జారిపోలేడని ఆమె భర్త వేళాకోళం. చిన్నకోడలి పని వేరు. కొత్తగా చేరిన పనివాళ్లు వేసిన తప్పు ముళ్లు విప్పడం. అల్లినదానికి పేరొస్తుంది గాని విప్పినదానికి ఎవరిస్తారు?

"చీమా! జడ వేసుకుందువు రా!" వంటింట్లోంచి చిన్నకోడలు పిలిచింది.

"చీమా! దువ్వెన నా దగ్గరుందే, ఇలా రా!" సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి పెద్దకోడలు పిలిచింది.

చీమ ఆ ఇంటికి ఒక్కగానొక్క పిల్ల. చిన్నకోడలి కూతురు. పుట్టినప్పుడు చీమంత ఉందని పెదనాన్న పెట్టిన ముద్దుపేరు బడి దాకా పాకింది. వచ్చే ఆదివారానికి ఎనిమిదేళ్లు నిండుతాయి. నడవలో నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకుంది.

"బడికి వేళయ్యేసరికే దీనికి అన్నీ గుర్తొస్తాయి," అని పెద్దకోడలు నవ్వింది.

చిన్నకోడలు రిబ్బను పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. పిల్ల బయటకు వచ్చాక ఎవరి దగ్గరకు వెళుతుందో ఆమెకు తెలుసు. దువ్వెన ఉన్నచోటికే వెళ్లింది. దువ్వెన ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

పోట్లాటకు వీల్లేని సంగతి అది. పోట్లాడటానికి ఒక తప్పయినా దొరకాలి కదా. చీమను కన్నాక చిన్నకోడలు మంచం పట్టింది. అంటుకునే జబ్బు, పిల్లను దగ్గరకు తీసుకురావద్దన్నారు. ఎన్నో నెలలు ఆస్పత్రి కిటికీలోంచి పిల్లను చూసింది. కిటికీ అవతల పిల్లను ఎత్తి పట్టుకున్నది పెద్దకోడలే. పాలు కలిపిందీ, జ్వరాలకు మేలుకున్నదీ ఆవిడే. తిరిగి ఇంటికి వచ్చిన రోజున చిన్నకోడలు చేతులు చాపితే, చీమ కెవ్వుమని ఏడ్చి పెదతల్లి మెడను కరుచుకుంది. "కొత్త కదా, నాలుగు రోజులు పోనీ," అంది పెద్దకోడలు. నాలుగు రోజులు పోయాయి. నీ ఒళ్లు కుదుటపడనీ అంది. చలి తగ్గనీ అంది. బడిలో చేరనీ అంది. పిల్ల మంచం మాత్రం పెద్దకోడలి గదిలోంచి కదల్లేదు.

తిట్టిన మనిషిని తిరిగి తిట్టొచ్చు. బిడ్డ ప్రాణం నిలబెట్టిన మనిషిని ఏ నోటితో తిడతాం?

* * *

పిల్ల బడికి వెళ్లాక పెద్దకోడలు టీ కప్పుతో వచ్చి కూర్చుంది. బల్ల మీద నీలంగుడ్డ తానులు గుట్టగా పడున్నాయి.

"ఈసారి సముద్రం," అంది. "పోయినేడాది రాజకుమార్తెలన్నాం, కిరీటాల కోసం కొట్టుకున్నారు. సముద్రమైతే అందరూ చేపలే. పెద్దా చిన్నా లేదు. షెడ్డు ఖాళీ చేయించి పైనుంచి ఈ గుడ్డ వేలాడదీద్దాం. అమ్మాయిలకి తెగిన వలముక్కలతో తోకలు కుట్టిస్తా."

"నాకు ఈత రాదు. నన్ను ముందే ఒడ్డున పడెయ్యండి," అన్నాడు బావగారు పేపరు చాటునుంచి.

"మిమ్మల్ని తిమింగలం చేద్దామనుకుంటున్నా. పొట్టకి దిండు కూడా అక్కర్లేదు."

చిన్నకోడలు కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వుకు ఏనాడూ కరువు లేదు. ఆమెకు ఊపిరాడనిది కూడా అందుకే.

"అక్కా, దానికేం కావాలో ఒకసారి అడిగి..."

"అడిగానే. సముద్రమే కావాలంది."

"ఎప్పుడడిగావు?"

"రాత్రి, పడుకోబెట్టేటప్పుడు."

చిన్నకోడలు కప్పులోకి చూసుకుంది.

పెద్దకోడలు ఆటలు చెప్పుకుపోతోంది. కర్రకు అయస్కాంతం కట్టి తొట్టిలోంచి రేకుచేపలు పట్టడం. పొట్టులో దాచిన గవ్వలు వెతకడం. 'అలొచ్చె!' అని కేకేస్తే అందరూ బల్లలెక్కడం, కింద మిగిలినవాళ్లు మునిగినట్టు. చివరికి అన్నిటికంటే పెద్ద ఆట.

"ఇది నేనే కల్పించా. పేరు తల్లిచేపల ఆట. పైన మన వల పట్టుకుంటారు. పాట వస్తుంటే పిల్లచేపలన్నీ కిందనుంచి పరిగెత్తాలి. పాట ఆగితే వల పడుతుంది. దొరికిన పిల్లకోసం తల్లిచేప రావాలి. చీమ వాళ్ల టీచరమ్మ ఒక ప్రశ్న వేస్తుంది. నీ పిల్లకి ఇష్టమైన రంగేది, దాని స్నేహితురాలెవరు, ఇలాంటివి. సరిగ్గా చెబితే వల ఎత్తుతాం."

"తప్పు చెబితే?"

"లోపలే ఉంటుంది. ఆట కదటే!" అని పెద్దకోడలు ఆమె భుజం తట్టింది. "కన్నతల్లులకి ఆమాత్రం తెలియదా ఏం?"

ఆ మాటలో విషం లేదు. ఉంటే ఎంత బావుండేదో అనుకుంది చిన్నకోడలు.

* * *

చిన్నకోడలి భర్త కరెంటు పనివాడు. దూరపు పట్నంలో నీళ్ల పంపుల స్టేషన్లో అతనికి ఉద్యోగం వచ్చింది. ఉండటానికి రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారట. నెల మారగానే చేరాలి. ఆ సంగతి వదినకు ఇంకా చెప్పలేదు. ముందు షెడ్డులో పెద్ద ఆర్డరుందన్నాడు, తర్వాత అన్నకు నడుం పట్టేసిందన్నాడు. శనివారం సాయంత్రం మేడమెట్ల మీద ఆమె అతన్ని దొరకబుచ్చుకుంది.

"ఇవాళైనా చెబుతారా?"

"రేపు పిల్ల పుట్టినరోజు పెట్టుకుని ఇవాళ చెప్పమంటావేమే? వదిన మొహం చూశావా, వారంనుంచి వెలిగిపోతోంది."

"మీ వదిన మొహం వెలుగుతోంది. మీ నోరు మూగబోయింది. మధ్యలో నేను, కుడితిలో పడ్డ ఎలకని."

"చెబుతానన్నాగా. పార్టీ కానీ."

"రోజూ ఏదో ఒకటి కానీ అంటూనే ఉన్నాం, ఎనిమిదేళ్లుగా."

అతను బల్బు హోల్డరును వేళ్లతో తిప్పుకుంటూ నిలబడ్డాడు. మెల్లగా అన్నాడు. "మనం చెప్పడం సరే. చీమనడిగావా?"

ఆమె అడగలేదు. గొంతుదాకా వచ్చిన ప్రతిసారీ మింగేసింది. నేను రాను, పెద్దమ్మ దగ్గరే ఉంటానని పిల్ల అంటే? ఆ మాట ఒకసారి బయటపడ్డాక, ఇక ఏ ఊరు వెళ్లినా తాను పిల్లలేని మనిషే.

"అమ్మాయ్! పైకి ఒకసారి రా. నీకొకటి చూపించాలి." పెద్దకోడలి గొంతు.

పైన నూలుకట్టలు పెట్టే కొట్టుగది ఉండేది. తాళం తీసి పెద్దకోడలు పక్కకు తప్పుకుంది. కట్టలు లేవు. గోడలకు కొత్త నీలం రంగు, కింద అల, అలమీద చిన్న చిన్న చేపలు. కిటికీ పక్కన మంచం, చీమ చేతికందేలా అర.

"రేపు కేకు కోశాక దీనికి చూపిద్దాం. పెద్దదవుతోంది కదా, ఎన్నాళ్లని నా గదిలో?" అంది. ఒక్క క్షణం చిన్నకోడలి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పెద్దకోడలు మంచం మీద చెయ్యి వేసి నిమిరింది. "మంచం పెద్దదే తీసుకున్నా. పెళ్లీడు వచ్చేదాకా మార్చక్కర్లేదు. ఎలా ఉంది?"

"బాగుందక్కా," అంది చిన్నకోడలు.

నిజంగానే బాగుంది. గోడల రంగు ఇంకా ఆరలేదు.

* * *

ఆదివారం మధ్యాహ్నానికి షెడ్డు సముద్రమైపోయింది. దూలాలనుంచి నీలంగుడ్డలు జారుతున్నాయి. ఫ్యాను గాలికి అవి ఊగుతుంటే అమ్మాయిలు గుమ్మంలోనే ఆగి నోళ్లు తెరిచారు. బడినుంచి తొమ్మిదిమంది తల్లులతో వచ్చారు, వాళ్ల టీచరమ్మా వచ్చింది. ఒక్కో పిల్లకీ నడుముకి వలతోక కట్టింది పెద్దకోడలు. తోకలు తొక్కుకుని పడ్డారు, నవ్వారు, మళ్లీ పడ్డారు. రేకుచేపల దగ్గర ఒక పిల్ల తన కర్రతో పక్కపిల్ల జడపిన్నును లాగేసింది. 'అలొచ్చె!' అన్నప్పుడల్లా బావగారు కావాలని మునిగిపోయి కేకలు పెట్టాడు.

చిన్నకోడలు పళ్లరసం గ్లాసుల పళ్లెంతో గోడవారగా తిరుగుతోంది. తన కూతురి పార్టీలో తానే పనిమనిషిలా ఉందని ఎవరైనా అంటే వాళ్లనే తిట్టేది. కాని ఎవరూ అనలేదు. గ్లాసులు అందుకున్నవాళ్లు ఏర్పాట్లు ఎంత బాగున్నాయో చెప్పాలని పెద్దకోడలి కోసం చూశారు.

తల్లిచేపల ఆటకు వేళయింది. పెద్దకోడలు అట్టటోపీలు తెచ్చింది. రెక్కలంటించిన టోపీలు, పది. వచ్చిన తల్లులకు తొమ్మిదీ పంచింది. పదోది ఎత్తి తన నెత్తిన పెట్టుకుంది. కావాలని చేసింది కాదు. తలుపు మూసినట్టు, దీపం వేసినట్టు, రోజూ చేసే పనిలా పెట్టుకుంది. కావాలని చేసి ఉంటే చిన్నకోడలు పళ్లెం అక్కడే పడేసి అడిగేది.

ఆట మొదలైంది. షెడ్డులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు వల ఎత్తి పట్టుకున్నారు. పాట ఆగింది, వల పడింది. లోపల బూరెబుగ్గల పిల్ల దొరికింది. "ఈ చేపకి ఇష్టమైన రంగేది?" అంది టీచరమ్మ. తల్లి "ఊదా!" అంది, వల లేచింది, అందరూ చప్పట్లు. ఇంకో తల్లి కూతురి స్నేహితురాలి పేరు తప్పు చెప్పింది. "అది పోయిన వారం ఫ్రెండమ్మా!" అని పిల్ల వలలోంచే అరిచింది. షెడ్డంతా గొల్లుమంది.

తర్వాత చీమ దొరికింది.

వల కింద కూర్చుని మోకాళ్లు చుట్టుకుంది. మొహం వెలిగిపోతోంది. టీచరమ్మ చీటీ తీసి చదివింది. "ఈ చేపకి దేనికి భయం? తల్లిచేప రావాలి!"

పెద్దకోడలు టోపీ సర్దుకుని ముందుకొచ్చింది. చిన్నకోడలు పళ్లెం బల్లమీద పెట్టి తానూ ముందుకొచ్చింది. ఎప్పుడు పెట్టిందో, ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియదు. వలకి ఇటొకరు అటొకరు నిలబడ్డారు.

"చీకటి," అంది పెద్దకోడలు.

"ఉరుము," అంది చిన్నకోడలు.

రెండు మాటలూ ఒకేసారి పడ్డాయి. తల్లులు నవ్వబోయి ఆపుకున్నారు.

"ఇద్దరు తల్లిచేపలొచ్చాయే! ఒక్క టోపీయే ఉంది కదా," అంది టీచరమ్మ, మాట తేలిక చేద్దామని. అదే బరువైపోయింది.

"చీకటే టీచర్. రోజూ నేను లైటు ఉంచి పడుకోబెడతా. నాకు తెలియదా?" పెద్దకోడలు నవ్వుతూనే ఉంది.

"పోయిన వానకి ఉరుమొస్తే లేచి నా దగ్గరికొచ్చిందక్కా."

"ఒక్కసారొచ్చింది."

"ఒక్కసారే. అందుకే మర్చిపోలేదు."

పెద్దకోడలి మొహంలో నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది. "ఇప్పుడా మాట ఎందుకే, ఇంతమందిలో?"

"టోపీ పెట్టుకున్నప్పుడు ఇంతమంది లేరా అక్కా?"

టీచరమ్మ వంగి, "చీమా, నువ్వే చెప్పమ్మా. ఎవరిది కరెక్టు?" అంది.

"చెప్పమ్మా," అంది చిన్నకోడలు.

"చెప్పవే," అంది పెద్దకోడలు.

పిల్ల అటు చూసింది, ఇటు చూసింది. కళ్లు దించుకుంది. వల కళ్లలోంచి వేళ్లు దూర్చి బిగించి పట్టుకుంది. అప్పుడు అంది.

"ఇలా ఇద్దరూ ఒకేసారి పిలిస్తే నాకు భయం."

ఎవరూ వల ఎత్తలేదు. ఎత్తాలని ఎవరికీ తోచలేదు. చీమే అంచు పైకి లేపుకుని కిందనుంచి పాక్కుంటూ బయటకొచ్చింది. తోక వలకి చిక్కుకుంటే తెంపుకుని మేడమెట్లెక్కింది. పైన బాత్రూం గడియ పడిన చప్పుడు కిందకి వినిపించింది.

అమ్మాయిలు బిక్కమొహాలు వేశారు. అప్పుడు బావగారు ఒక నీలంగుడ్డను నెత్తిమీంచి కప్పుకుని, "తిమింగలం వచ్చిందోయ్! దానికి ఆకలేస్తోందోయ్!" అని గర్జిస్తూ వాళ్లమీద పడ్డాడు. తిమింగలం గర్జించదని ఒక పిల్ల గట్టిగా వాదానికి దిగింది. అల్లరి మళ్లీ అందుకుంది. అంత వాదంలోనూ ఆయన కన్ను మేడమెట్ల మీదే ఉంది.

* * *

చిన్నకోడలు పైకి వెళ్లేసరికి బాత్రూం తలుపు ముందు పెద్దకోడలు నిలబడి ఉంది. తలుపు తట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిలిస్తే ఇద్దరూ పిలవాలి. పిలవకపోతే పిల్ల లోపల. చిన్నకోడలే ముందు నీలంగదిలోకి నడిచింది. పెద్దకోడలు వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వెళ్లిపోతున్నామక్కా," అంది చిన్నకోడలు. ఇన్నాళ్లూ కొండలా ఉన్న మాట గులకరాయిలా రాలింది. "ఆయనకి ఉద్యోగం వచ్చింది. నెల మారగానే."

"తెలుసు."

చిన్నకోడలు తల ఎత్తింది.

"మీ బావగారికి మరిది ఎప్పుడో చెప్పాడు. ఆయన కడుపులో మాట ఒక పూటైనా ఆగుతుందా?" పెద్దకోడలు ఆ కొత్త మంచం అంచున కూలబడింది. "తెలిశాకే ఈ గది చేయించా. తెలిసే. పిల్ల ఈ గది చూసి గంతులేస్తే నీకు నోరు రాదనుకున్నా. నువ్వు మంచిదానివి. నోరు రాకపోతే ఆగిపోతావు. అదీ నా ఎత్తు."

"అక్కా!"

"కాదనకు. వల అల్లేదాన్ని, ఎటు లాగితే ఎటు బిగుస్తుందో నాకు తెలియదా?" టోపీ ఇంకా నెత్తినే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. తీసి ఒళ్లో పెట్టుకుంది. "దీన్ని మాత్రం ఎత్తు వేసి పెట్టుకోలేదే. ఒట్టు. చెయ్యి దానంతటదే వెళ్లింది."

"అదే అక్కా నా బాధ. ఎత్తు వేస్తే ఎదురు వేసేదాన్ని. నీ చెయ్యి దానంతటదే వెళుతుంది. నా చెయ్యి వెళ్లేసరికి అక్కడ నీది ఉంటుంది. జడకి, జోడుకి, జ్వరానికి, అన్నిటికీ. ఎనిమిదేళ్లుగా నేను ఈ ఇంట్లో చుట్టంలా ఉన్నా. నీమీద కోపం తెచ్చుకుందామంటే, నువ్వు లేకపోతే నాకు పిల్లే లేదు. ఎలా బతకమంటావు చెప్పు?"

కింద అమ్మాయిల కేకలు వినిపిస్తున్నాయి. ఇద్దరికీ చెవులు మాత్రం గోడ అవతలే ఉన్నాయి. అక్కడ కొళాయి కూడా తిప్పిన చప్పుడు లేదు.

"పొద్దున జడ వేళకి కూడా ఇలాగే దూరుతుంది," అంది పెద్దకోడలు సన్నగా. "బద్ధకమనుకున్నా. కడుపునొప్పేమోనని మందు కూడా పట్టించా. పాపిష్టిదాన్ని."

"నువ్వొక్కదానివే కాదు." చిన్నకోడలు గోడకు ఆనుకుంది, పచ్చిరంగు వీపుకు అంటుతోందని తెలిసినా కదల్లేదు. "నేనూ దాన్ని అడగలేదు. నీ దగ్గర్నించి లాక్కుపోవాలనే చూశా గాని, వస్తావా అని ఒక్కసారీ అడగలేదు. కాదంటుందేమోనని. రేపు ఆ ఊళ్లోనూ ఏదో ఒక గదిలో గడియ పెట్టుకుని కూర్చునేది."

పెద్దకోడలు లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"నేను కిందికి పోతా. కేకు దగ్గరుంటా. నువ్వొక్కదానివే పిలువు."

"అక్కా, నువ్వు..."

"పిలవమంటున్నానా! మళ్లీ నా మనసు మారితే ఈ మెట్లు దిగడం నావల్ల కాదు."

గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ దిగి వెళ్లింది.

చిన్నకోడలు బాత్రూం తలుపు ముందు నేలమీద కూర్చుంది. అంత చిన్న పేరు పిలవడానికి అంత ధైర్యం కావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"చీమా. నేనొక్కదాన్నే ఉన్నా."

"పెద్దమ్మ?"

"కిందికెళ్లింది. తనే వెళ్లింది. కోపంతో కాదు." ఊపిరి పీల్చుకుంది. "నాన్నకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. మేం అక్కడికి వెళ్లాలి. నువ్వు మాతో రావాలని నాకుంది. నీకెలా ఉంది?"

లోపలనుంచి, "నేనొస్తే పెద్దమ్మ ఏడుస్తుందా?"

"ఏడుస్తుంది."

"రాకపోతే నువ్వేడుస్తావా?"

అబద్ధం చెప్పబోయి ఆగింది. "ఏడుస్తా. కాని చీమా, ఏడవడం మా పెద్దవాళ్ల పని. మేం చూసుకుంటాం. నువ్వు దాని గురించి ఆలోచించకు."

"అక్కడ మంచం ఎక్కడ వేస్తారు?"

"నీకెక్కడ కావాలంటే అక్కడ."

"రాత్రి లైటు ఉంచుతావా?"

"ఉంచుతా." పెద్దకోడలు చెప్పిందే నిజమన్నమాట. గుండెలో చిన్న ముల్లు కదిలింది. కదలనిచ్చింది.

"ఉరుమొస్తే?"

"లేపు. ఎన్నిసార్లయినా."

గడియ తీసిన చప్పుడయింది. తలుపు సందులోంచి ఒక కన్ను, నీళ్లతో మెరుస్తూ. "వస్తా. కాని సెలవులకి ఇక్కడికే. అన్ని సెలవులూ. పెద్దమ్మ ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోకపోతే ఇద్దరం కలిసి పోట్లాడదాం," అంది చిన్నకోడలు. పిల్ల నవ్వి, వచ్చి ఆమె ఒళ్లో పడింది. బరువుగా ఉంది. ఇంత బరువెప్పుడు పెరిగిందో చూడనే లేదని, చిన్నకోడలు ఆ తలను గడ్డంకింద పెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది.

* * *

కేకు ఆలస్యంగా కోశారు. తిమింగలం ఎక్కువ తిన్నదని అమ్మాయిలు తీర్పు చెప్పారు. నీలంగదిని చూసి చీమ మంచం మీద ఎగిరి, "సెలవుల్లో ఇది నాదే, నూలుకట్టలు పెడితే ఊరుకోను" అని పెదనాన్నను హెచ్చరించింది. ఆ మాట వినగానే పెద్దకోడలికి సంగతంతా అర్థమైంది. పిల్ల చెంపకంటిన క్రీము తుడిచింది.

పొద్దు వాలింది. పిల్లలు వెళ్లిపోయారు. మగవాళ్లు బల్లలు సర్దుతున్నారు. తోటికోడళ్లిద్దరూ షెడ్డు నడుమ కూర్చుని వల ముందు వేసుకున్నారు. పిల్లల తోకలూ, జడపిన్నులూ, రిబ్బన్లూ దాన్లో చిక్కుపడి ముద్దయి ఉన్నాయి. చిన్నకోడలు ఒక ముడి చేతిలోకి తీసుకుంది.

"అక్కా."

"ఊఁ."

"నాకు తెలియనివి చాలా ఉన్నాయి. చెప్పు."

పెద్దకోడలు ఆమె వంక చూసింది. ఎనిమిదేళ్లలో ఆ మాట చిన్నకోడలు ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఓడినట్టవుతుందని అడగలేదు. ఇప్పుడు అడిగాక చేతిలో ముడి ఇంకా తేలిగ్గా కదులుతోంది.

"ఏముందే చెప్పడానికి," అంది పెద్దకోడలు. అంటూనే మొదలుపెట్టింది. "పడుకునేముందు కాళ్లు కడగకపోతే నిద్రపోదు. జ్వరమొచ్చేముందు నోరు విప్పి చెప్పదు, ఎడమచెవి పట్టుకుని తిరుగుతుంది. అప్పుడే కనిపెట్టాలి. అబద్ధం చెబితే వెంటనే మంచినీళ్లు తాగుతుంది. అది నీళ్లడిగిందంటే అంతకుముందు ఏం చెప్పిందో గుర్తుచేసుకో."

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. పెద్దకోడలూ నవ్వింది. నవ్వుతూనే చేతిగుడ్డతో ముక్కు తుడుచుకుంది.

"కలలో మాట్లాడుతుంది. జవాబు చెప్పకు. చెబితే లేచి కూర్చుంటుంది. వీపుమీద, ఇదిగో ఇక్కడ, రెండు ఎముకల మధ్య గోకితే చాలు." ఆమె చెయ్యి చిన్నకోడలి వీపు మీదకు వెళ్లింది. పచ్చిరంగు అంటిన చోట ఆగింది, మెల్లగా గోకి చూపించింది. "ఇంత మెల్లగా."

"ఊఁ," అంది చిన్నకోడలు.

"ఇంకొకటి. అది మాత్రం నేను నేర్పింది కాదు. మాన్పిద్దామని ఎంత చూసినా మానలేదు. బూటు లేసు విప్పేటప్పుడు, పెన్సిలు చెక్కేటప్పుడు నాలుక చివర బయటపెట్టి పైపెదవికి ఆనించుకుంటుంది. కొరుక్కుంటుందేమోనని భయం నాకు. నెమ్మదిగా చెప్పి చూడు."

"నేనెప్పుడూ గమనించలేదే. ఎక్కణ్ణుంచి వచ్చింది దానికి?" అంటూ చిన్నకోడలు మళ్లీ ముడిమీదకు వంగింది. మొండి ముడి. గోరు దూర్చింది.

తల ఎత్తకుండానే ఆ చూపు తగిలింది. పెద్దకోడలు ముడి వంక చూడటం లేదు, ఆమె మొహం వంకే చూస్తోంది. చిన్నకోడలి వేళ్లు ఆగిపోయాయి. అప్పుడు తెలిసింది, తన నాలుక చివర పైపెదవి మీద ఉందని.

లోపలికి తీసుకోబోయింది. తీసుకోలేదు. కళ్లలోంచి దిగిన నీళ్లు చెంపలమీంచి జారి ఆ నాలుక చివరకే వచ్చి చేరుతుంటే, అలాగే ఉంచి, కూతురు లేసు విప్పుకున్నట్టు, ముడి విప్పుతూ కూర్చుంది.